ఒక్కపూట నాన్న

కాకా పోయారన్న కబురు డార్మ్‌స్టాట్ తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపులో వచ్చింది. దానికి పైన ఎవరో స్టేషన్ దగ్గర గది ఖాళీగా ఉందని పెట్టారు. కింద ఎవరో సోనా మసూరి బస్తాలు దిగాయని పెట్టారు. మధ్యలో రెండు ముక్కలు: "మన కాకా ఇక లేరు. నిన్న పొద్దున ఆస్పత్రిలో." ఆ తర్వాత వరసగా దణ్ణం పెట్టే చేతుల బొమ్మలు. వాటి మధ్యలో, ఈ ఏడాదే మాస్టర్స్‌కి వచ్చిన ఒక అమ్మాయి అడిగింది, "సారీ, ఈయన ఎవరు?" అని. ఎవరూ జవాబివ్వలేదు. చాలామంది ఆయన ఇంట్లో తిని కంచాలు కడుక్కున్నవాళ్ళే. నేనూ ఇవ్వలేదు. పాప వెళ్ళే కీటా, అంటే చిన్నపిల్లల బడి, గేటు దగ్గర నిలబడి, ఫోన్ చూసుకుంటూ, ఆ ప్రశ్న కిందకి జరిగిపోయేదాకా ఊరుకున్నాను.

జవాబివ్వకపోవడానికి నాకు కారణం ఉంది. కాకా నాకు ఏమవుతారో ఒక్క మాటలో చెప్పమని అంతకు వారం ముందే ఒకరు అడిగారు. అప్పుడు నేను చెప్పిన జవాబు నన్నింకా వదల్లేదు. ఆ సంగతికి తర్వాత వస్తాను. ముందు ఆ అమ్మాయి అడిగినదానికి చెప్పాలి. గ్రూపులో చెప్పే ముఖం నాకు లేదు కాబట్టి ఇక్కడ చెప్తున్నాను.

కాకాది సూర్యాపేట పక్క ఊరు. ఆయన భార్య గుంటూరు నర్సు. ఆమెకి ఇక్కడి ఆస్పత్రిలో ఉద్యోగం వస్తే ఆమె వెనక ఆయన వచ్చారు. "అందరు మొగని ఎంబడి పెండ్లాం వస్తది. నేను పెండ్లాం ఎంబడి వచ్చిన" అని గొప్పగా చెప్పుకునేవారు. ఆమెది చర్చి, ఆయనది గుడి. రెండు ఇళ్ళవాళ్ళూ వాళ్ళని వదిలేశారు. పిల్లలు లేరు. రిటైరయ్యేదాకా ఒక పరిశోధన సంస్థ వర్క్‌షాపులో లేత్ మిషన్ మీద పనిచేశారు. ఆ మిషనే ఆయన కుడి బొటనవేలి కొసని గోరుతో సహా తినేసింది. నేను ఈ ఊరు వచ్చేనాటికి ఆమె పోయి మూడేళ్ళయింది. ఆమె కుట్టుమిషను, ఆమె బైబిలు, వంటింటి తలుపుకి ఆమె తగిలించిన ఏప్రాను, అన్నీ ఎక్కడివక్కడే ఉండేవి.

ఆదివారం మధ్యాహ్నం ఆయన ఇంట్లో భోజనం. పిలవడాలు ఉండేవి కావు. మూడో అంతస్తు తలుపు తీసే ఉండేది. లోపలికి వెళ్ళినవాళ్ళు ఎవరి కంచం వాళ్ళు తీసుకోవాలి, తిన్నాక కడిగి పెట్టాలి. పప్పు, చారు, కోడికూర. కూరలో ఉప్పు ఎప్పుడూ ఒక పిసరు ఎక్కువే. ఎవరైనా అంటే, "ఉప్పు తక్కువైతే ఇల్లు యాదికొస్తది, ఎక్కువైతే నీళ్ళు తాగుతరు. ఏది మంచిది?" అనేవారు. పరీక్షలు తప్పినవాళ్ళు, గది దొరకనివాళ్ళు, వీసా ఆఫీసులో టెర్మిన్, అదే అపాయింట్‌మెంట్, కోసం నెలలు ఎదురుచూసేవాళ్ళు, ఊరికే ఏడుపొచ్చేవాళ్ళు, అందరూ అక్కడికే చేరేవారు. ఏమైందని ఆయన ముందే అడిగేవారు కాదు. రెండోసారి అన్నం పెట్టుకున్నాక అడిగేవారు.

భోజనాలయ్యాక సినిమా. ఎప్పుడూ ఒకటే సినిమా. పాత నలుపు తెలుపు హాస్యం, వీడియో క్యాసెట్ మీద. ఎప్పుడో ఆయన బావమరిది ఇంట్లోవాళ్ళకి తెలియకుండా టీవీలోంచి రికార్డు చేసి పంపించాడట. రికార్డింగు ఆలస్యంగా మొదలుపెట్టడంతో మొదటి పది నిమిషాలూ లేవు, పేర్లు లేవు. కాబట్టి ఆ సినిమా పేరేమిటో మాలో ఎవరికీ తెలియదు. ఆయనకీ గుర్తులేదు. ఆ పోయిన పది నిమిషాల కథని కాకా టీవీ పక్కన నిలబడి నోటితో చెప్పేవారు. వారానికో రకంగా చెప్పేవారు. ఒక వారం హీరో హీరోయిన్ని రైల్లో చూశాడు. ఇంకో వారం హీరోయినే వాడిని సైకిలుతో గుద్దింది. "మొదలు నాది, మిగిలింది వాళ్ళది" అని మీట నొక్కి కుర్చీలో కూర్చునేవారు.

కథ చెప్పాలి, లేకపోతే తర్వాతది అర్థం కాదు. అబ్బాయిది రైసుమిల్లు వారి ఇల్లు. అక్కడ గడియారం కొడితేనే తింటారు, గడియారం కొడితేనే నవ్వుతారు. అమ్మాయిది నాటకాలవాళ్ళ ఇల్లు. తండ్రి రాగాలు తీస్తూ పళ్ళు తోముకుంటాడు. బాబాయి పావురాలని పెంచి వాటితో పంచాంగం చెప్పిస్తాడు. ఇద్దరికీ ప్రేమ కుదురుతుంది. మిల్లు యజమాని పిల్లని చూడ్డానికి వస్తానంటాడు. అమ్మాయి తన ఇంటివాళ్ళని చూపించడానికి సిగ్గుపడి, ఒక మర్యాదస్తుడైన తండ్రిని అద్దెకి తెస్తుంది. సొంత తండ్రికి ఏప్రాను కట్టి వంటవాడిగా దాస్తుంది. అద్దె తండ్రి ఎంత బాగా చేస్తాడంటే, మిల్లు యజమాని జన్మలో మొదటిసారి గడియారం చూడకుండా నవ్వుతాడు. ఈలోపు వంటింట్లో ఉన్న తండ్రి తట్టుకోలేక, గరిటె పట్టుకుని పద్యం అందుకుంటూ బయటికొస్తాడు. గందరగోళం. పావురాలు. చివరికి రెండు ఇళ్ళూ కలుస్తాయి. అందరూ కలిసి ఫోటో దిగుతారు. శుభం.

ఆ ఫోటో దగ్గర కాకా మీట నొక్కి బొమ్మ ఆపేవారు. లేచి వెళ్ళి, గోరు లేని బొటనవేలితో టీవీ తెర మీద ఒక్కొక్కరినీ తాకుతూ లెక్కపెట్టేవారు. "ఈయన మిల్లు సేటు. ఈమె ఆయన భార్య. ఈడు పావురాలోడు. ఈయన అసలు నాయిన. మరి ఆయనేడి?"

ఆయనంటే అద్దె తండ్రి. నిజంగానే లేడు. గందరగోళం మొదలయ్యాక ఆ మనిషి మళ్ళీ కనిపించడు. ఎప్పుడు వెళ్ళాడో, ఎటు వెళ్ళాడో సినిమా చెప్పదు. ప్రతి ఆదివారం కాకా అడిగేవారు, ప్రతి ఆదివారం మేం నవ్వేవాళ్ళం. ఒకసారి నేనే జవాబు చెప్పాను. "పనైపోయింది గద కాకా. పోయిండు."

కాకా నా వంక చూసి, "అంతేనంటవా బిడ్డా" అన్నారు. అంతేనన్నాను.

తర్వాత నా పెళ్ళి మాట వచ్చింది. మా ఆయనది భీమవరం, హైడెల్‌బర్గ్‌లో పరిశోధన. ఫ్రాంక్‌ఫర్ట్ వెళ్ళే రైల్లో పరిచయం. వాళ్ళది చర్చి కుటుంబం. మామగారు రిటైరైన హెడ్మాస్టరు, వాళ్ళ సంఘంలో పెద్ద. మాది హనుమకొండ. మా నాన్న రెవెన్యూలో సూపరింటెండెంటు, ఏటా అయ్యప్ప మాల వేస్తారు. నేను ఫోన్లో విషయం చెప్తే అమ్మ ఫోన్ పెట్టేసింది. నాన్న ఫోన్ తీసుకోనేలేదు. ఇంతలో మామగారూ అత్తగారూ విజిట్ వీసా మీద ఇక్కడికి వచ్చారు. పిల్ల తరఫు పెద్దవాళ్ళతో ఒకసారి కూర్చోనిదే మాట ఇచ్చేది లేదన్నారు. మా ఆయన కంగారులో, "వాళ్ళ నాన్నగారు ఇక్కడికే వచ్చున్నారు" అని వాళ్ళతో చెప్పేశాడు. చెప్పేసి నాకు ఫోన్ చేశాడు.

ఇద్దరం కాకా ఇంటికి వెళ్ళాం. ఆయన అంతా విని, క్యాసెట్ ఉన్న అలమర వైపు చూసి, "గీ సినిమా మిమ్ముల ఖరాబు చేసింది" అన్నారు. అని నవ్వారు. కాగితం, పెన్సిలు తెచ్చుకుని నన్ను ఎదురుగా కూర్చోబెట్టుకున్నారు.

"మీ నాయిన ఎట్ల కూసుంటడు?"

"కాలు మీద కాలు వేసుకుని."

"అన్నంల మొదలు ఏం కలుపుకుంటడు?"

"పచ్చడి."

"కోపమొస్తె?"

"పేపరు మడుస్తారు. మడతల మీద మడతలు వేస్తారు."

"నిన్ను ఏమని పిలుస్తడు?"

"చిట్టీ అని."

ఆయన పెన్సిల్ కింద పెట్టారు. "అన్ని చేస్త గని, ఆ పేరుతోని పిలువ బిడ్డా. అది మీ నాయిన సొమ్ము. దాన్ని నేను ముట్ట."

ఇది చదివేవాళ్ళకి ఆయన ఎలాంటి మనిషో తెలియడానికి ఆ ఒక్క మాట చాలు. అది విని కూడా ఆయనకి తర్వాత నేనేం చేశానో చూడండి.

ఆ శనివారం మధ్యాహ్నం కాకా ఇంట్లోనే భోజనం. ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకుని, కాలు మీద కాలు వేసుకుని కూర్చున్నారు. హనుమకొండ ఎండల గురించి, రెవెన్యూ ఆఫీసు ఫైళ్ళ గురించి ఎంత దర్జాగా మాట్లాడారంటే, నాకే మా నాన్న గుర్తొచ్చి కళ్ళు తిప్పుకున్నాను. మామగారు తల ఊపుతూ, "తమరు చెప్పింది నిజవేనండి, ఫైలు కదలాలంటే ఆ బ్రహ్మదేవుడు దిగి రావాలండి" అంటూ కుదురుకున్నారు. అత్తగారు నా చెయ్యి పట్టుకుని పక్కన కూర్చోబెట్టుకున్నారు. అంతా సినిమాలో లాగే సాగింది, వడ్డన దాకా.

కంచాల్లో అన్నం పడింది. అందరం చెయ్యి పెట్టబోతున్నాం. కాకా కళ్ళు మూసుకుని, తల వంచి, రెండు చేతులూ జోడించి ప్రార్థన మొదలుపెట్టారు. ముప్పయ్యేళ్ళ అలవాటు. భార్య పోయాక కూడా ఆ బల్ల దగ్గర ఆయన ఆ మాటలు చెప్పనిదే ముద్ద ముట్టేవారు కాదు. విచిత్రం ఏమిటంటే, ఆ మాటలు సూర్యాపేట యాసలో రావు. ఆమె దగ్గర నేర్చుకున్నవి, ఆమె గుంటూరు మాటలోనే వచ్చేవి. "ఈ అన్నం పెట్టిన చేతుల్ని చల్లగా చూడు తండ్రీ, ఆకలితో ఉన్నోళ్ళ ఇంటికి కూడా ఎళ్ళు" అని. అయ్యప్ప మాల వేసే మా నాన్న పాత్రలో తానున్న సంగతి ఆయనకి గుర్తే లేదు. కళ్ళు తెరిచాక గుర్తొచ్చింది.

మామగారు చేతిలో గ్లాసు అలాగే పట్టుకుని ఉన్నారు. "అన్నయ్యగారండీ, తమరు హిందువులని చెప్పేడండి మావాడు. మరి ప్రార్థన చేసేరేంటండీ?"

మా ఆయన పప్పు గిన్నెలోకి చూస్తున్నాడు. కాకా కాలు మీద కాలు తీసి, మామూలుగా కూర్చున్నారు.

"నేను ఈమె నాయిన గాదు సార్. ఈమె నాయిన రానన్నడు. పిల్ల ఆగమైతదని నేను కూసున్న. తప్పు నాది, పిల్లది గాదు."

మామగారు గ్లాసు దించారు. "ఆ ప్రార్థన కూడా నటనేనాండీ?"

"కాదు సార్. అది నా భార్యది."

"అయితే కూర వడ్డించండి. చల్లారిపోతంది" అన్నారు మామగారు.

పెళ్ళి చర్చిలో జరిగింది. పెళ్ళికూతుర్ని తండ్రి చెయ్యి పట్టుకుని నడిపించి తేవాలి. "ఆయన్నే నడిపించమనండి" అని మామగారే అన్నారు. ఆ మాట చెప్తే కాకా గోడవైపు తిరిగారు. "పీటల మీద కూసోవాల్నంటె పక్కన ఆలి ఉండాలె. నేను పనికిరాను. చర్చిల ఒక్కడు నడిచినా సరిపోతదట గద? మంచిగున్నది" అన్నారు. ఆ రోజు నా వేళ్ళని గట్టిగా పట్టుకున్నారు. ఆ గోరు లేని బొటనవేలు నా మణికట్టు మీద గరుగ్గా తగిలింది. ఆ స్పర్శ నాకిప్పటికీ తెలుసు. ఆ నడక ఫోటో ఒక్కటీ సరిగా రాలేదు. తీయాల్సిన కుర్రాళ్ళంతా నడక చూస్తూ నిలబడిపోయారు.

ఇక్కడితో ఆపితే ఇది మంచి స్మృతి అవుతుంది. నేను మంచిదాన్నవుతాను.

పాప పుట్టాక అమ్మ మెత్తబడింది. వీడియోలో మనవరాలిని చూసి చూసి, మొదటి పుట్టినరోజుకి వస్తామంది. నాన్న కూడా వస్తానన్నారు. నేను వంటింట్లో గెంతినంత పనిచేశాను. టికెట్లు తీశాక అమ్మ ఒక మాట అంది. "మీ నాయిన బతికుండంగ ఇంకొకడు నాయిన లెక్క నిలవడ్డడట గద. ఎవరో చెప్పిండ్రు. మీ నాయినకు చెప్పలే నేను. ఆ మనిషి మా కండ్ల పడొద్దు."

నేను అమ్మతో వాదించి ఉండొచ్చు. ఆ మనిషి లేకపోతే నీకు ఈ మనవరాలు ఉండేది కాదని చెప్పి ఉండొచ్చు. ఏమీ అనలేదు. సరేనన్నాను. ఏళ్ళ తర్వాత దొరికిన అమ్మానాన్నలు మళ్ళీ చేజారతారని భయం. భయం అని ఇప్పుడు మర్యాదగా రాస్తున్నాను గానీ, అందులో సగం తేలిక. పిరికివాళ్ళకి ఎవరో ఒకరు అడ్డం చెప్తే బాగుంటుంది.

కాకాని అసలు రావద్దనడానికి నోరు రాలేదు. పాపని ఎత్తుకుని పెంచిన మనిషి. అందుకని మధ్యేమార్గం కనిపెట్టాను. ఆయన ఇంటికి వెళ్ళి, చెప్పులు కూడా విప్పకుండా, గుమ్మంలోనే చెప్పాను. "కాకా, ఫంక్షన్‌కి రండి. అమ్మావాళ్ళతో మాత్రం, ఊరికే ఇక్కడి తెలిసినాయన అని చెప్తా. ఆ పెళ్ళి సంగతి ఎత్తొద్దు."

ఆయన ఒక క్షణం తలుపు పట్టుకుని నిలబడ్డారు. తర్వాత ఎప్పటిలాగే నవ్వారు. "నాకు నటన కొత్తనా బిడ్డా. అప్పుడు నాయిన లెక్క చేసిన. ఇప్పుడు నాయిన కానట్టు చేస్త." లోపలికి వచ్చి తిని పొమ్మన్నారు. పాపని తీసుకురావాలి, కీటా మూసేస్తారని చెప్పి వచ్చేశాను. కీటా మూసేయడానికి ఇంకా గంటన్నర టైముంది.

ఫంక్షన్ చర్చి పక్క హాల్లో. కాకా ఎంత బాగా చేశారంటే, సినిమాలో అద్దె తండ్రి కూడా అలా చేయలేదు. వెనక బల్లల దగ్గర కుర్చీలు సర్దారు, నీళ్ళ సీసాలు పెట్టారు, పాప వైపు చూడనైనా చూడలేదు. పాపకి ఏం తెలుసు, చేతులు చాపి ఆయన వైపే వంగింది. ఆయన గబగబా పేపర్ ప్లేట్లు తెచ్చే పని పెట్టుకుని బయటికి వెళ్ళారు. పుట్టినరోజుకని అత్తగారితో మళ్ళీ వచ్చిన మామగారు అదంతా చూస్తూ నావైపొకసారి చూశారు. ఏమీ అనలేదు. ఆయన ఏమన్నా అని ఉంటే ఇప్పుడు నాకు కొంచెం సుఖంగా ఉండేది.

కేకు కోశాక కుటుంబం ఫోటో అన్నారు. అందరం వరసగా నిలబడ్డాం. మా ఆయన ఫోన్ ఎవరికిద్దామా అని చూస్తుంటే, మా నాన్న ఆ ఫోన్ తీసుకుని, వెనక ఉన్న కాకాని పిలిచారు. "ఓ పెద్దమనిషీ, జర ఒక్క ఫోటో తీయరాదుండ్రి."

కాకా చేతులు తుడుచుకుని వచ్చారు. ఫోన్ రెండు చేతులతో పట్టుకున్నారు. ఆయనకి ఫోటోలు రావు. లెన్సుకి ఎప్పుడూ వేలు అడ్డం పెడతారు. ఆదివారం ఫోటోలన్నింటిలో ఒక మూల ఆయన వేలు ఉంటుందని మేం ఏడిపించేవాళ్ళం. నాన్న నా భుజం మీద చెయ్యి వేసి, "చిట్టీ, సక్కగ నిలవడు" అన్నారు. ఆ పిలుపు కోసం నేను ఎన్నేళ్ళు మొహం వాచానో చెప్పలేను. ఎదురుగా కాకా ఆ మాట విన్నారు. "ఆఁ, అందరు నవ్వుండ్రి" అన్నారు. నేను నవ్వాను. పళ్ళన్నీ కనిపించేలా నవ్వాను.

పనైపోయింది గద, పోయిండు. భోజనాలప్పుడు చూస్తే ఆయన లేరు. ఎప్పుడు వెళ్ళారో ఎవరూ చూడలేదు.

ఆ తర్వాత నాలుగేళ్ళలో ఆయన ఇంటికి ఎన్నిసార్లు వెళ్ళానో వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. ఆఫీసు, కీటా, పాపకి జ్వరం, మాకు జ్వరం. ఈ దేశంలో సాకులకి ముందే టెర్మిన్ ఉంటుంది. ఆయన కూడా ఆదివారాలు తగ్గించేశారు. కొత్తగా వచ్చిన పిల్లలకి నలుపు తెలుపు సినిమా చూసే ఓపిక లేదట. "క్యాసెట్ అరిగింది బిడ్డా. ఇప్పుడు మొదటి అరగంట నేనే చెప్పాలె" అని ఒకసారి ఫోన్లో నవ్వారు. వస్తాను కాకా అన్నాను. రాలేదు.

ఇప్పుడు ఆ జవాబు సంగతి.

ఆయన పోవడానికి వారం ముందు, ఆఫీసులో ఉండగా ఆస్పత్రి నుంచి ఫోన్ వచ్చింది. నర్సు ఆయన పేరు చెప్పి, "మీరు వారి కూతురా?" అని జర్మన్‌లో అడిగింది. పదేళ్ళుగా ఈ దేశంలో ఫారాలు నింపుతున్నాను. ఇంటి అడ్రసు నమోదుచేసే అన్‌మెల్డుంగ్ కాగితం దగ్గర్నుంచి బీమా దాకా, అడిగినదానికి అక్షరం పొల్లుపోకుండా నిజం రాయడం రక్తంలో ఇంకిపోయింది. ఆలోచించకుండా, "కాదు, తెలిసినవాళ్ళం" అన్నాను.

"అయితే వివరాలు చెప్పడానికి నాకు వీల్లేదు, క్షమించండి" అని ఆమె పెట్టేసింది.

మళ్ళీ ఫోన్ చేసి, అవును కూతుర్నే అని ఉండొచ్చు. ఎవరు చూడొచ్చారు, ఎవరు కాగితం అడిగారు. ఆ మనిషి నా కోసం ఒక పూటంతా కాలు మీద కాలు వేసుకుని కూర్చున్నాడు. నేను ఆయన కోసం ఫోన్లో ఒక్క నిమిషం కూతురుగా నటించలేకపోయాను. నటన కూడా కాదది. శనివారం వెళ్ళి చూద్దాంలే, పెద్దవాళ్ళకి ఏవో పరీక్షలు చేస్తుంటారులే అనుకున్నాను. శనివారం పాపకి ఈత క్లాసు. వచ్చే శనివారం అనుకున్నాను. గురువారం పొద్దున ఆయన పోయారు. నాకు గ్రూపులో తెలిసింది, బియ్యం బస్తాలకి పైన.

బంధువులెవరూ లేరు కాబట్టి దహనం ఊరి మునిసిపల్ ఆఫీసువాళ్ళే చూశారు. ఆ రోజు, ఆ టైము నాకు చెప్పింది కాకా కింది అంతస్తులో ఉండే జర్మన్ ముసలామె. ఆయన వంటింట్లో పడిపోతే చూసి అంబులెన్సు పిలిచింది ఆమే. శ్మశానం గుమ్మం దగ్గర ఆమె నా చేతిలో ఒక కాగితం పెట్టింది. ఆయన ఫ్రిజ్ తలుపుకి అంటించుకున్నదట, అంబులెన్సువాళ్ళకి చూపించి మళ్ళీ తీసి దాచిందట. అందులో నా ఫోన్ నంబరు. దాని ముందు, లేత్ మిషన్ కొలతలు రాసే ఆ గుండ్రటి అక్షరాలతో, ఒకే ఒక్క జర్మన్ మాట. కూతురు.

మాతో కలిపి ఆరుగురం వచ్చాం. గ్రూపులో దణ్ణం పెట్టిన చేతులన్నీ పనిలో ఉన్నాయి. లోపల నల్లకోటు వేసుకున్నాయన, మొదటి వరస బంధువులకి అని చెయ్యి చూపించాడు. ఆ వరస మొత్తం ఖాళీ. నేను వెళ్ళి అక్కడ కూర్చున్నాను. కూతురివా అని ఈసారి ఎవరూ అడగలేదు.

ఇంటికొచ్చాక ఆయన ఫోటో ఒకటి పెట్టుకుందామని వెతికాను. ఆదివారాల ఫోటోలన్నీ ఆయన తీసినవే. పెళ్ళి నడక ఫోటోలో ఆయన వీపు, ఎవరిదో తల. ఇన్నేళ్ళలో మా ఇంట్లో ఆయన ముఖం ఉన్న ఫోటో ఒక్కటీ లేదు. హాల్లో గోడ మీద మాత్రం పుట్టినరోజు ఫోటో ఉంది, ఫ్రేము కట్టించి. మూల ఏదో మచ్చ ఉందని, కత్తిరించి ప్రింటు వేయమని స్టూడియోలో చెప్పింది నేనే. మా ఆయన పాత ఫోన్ తీసి, కత్తిరించని ఫోటో వెతికి పట్టుకున్నాను. కుడివైపు కింద మూల, మసకగా, గోరు లేని బొటనవేలు. దాన్ని అలాగే పెద్దది చేయించి, పాతది తీసేసి, అదే గోడకి తగిలించాను.

పోయిన ఆదివారం వీడియోలో అమ్మ గోడవైపు చూసి, "ఫోటో ఖరాబైందా ఏందే? ఆ మూలకు ఏదో అడ్డమొచ్చింది" అంది.

"అడ్డం రాలేదమ్మా. అది కాకా వేలు. నన్ను చర్చిల నడిపించినాయన. పోయిన నెల చచ్చిపోయిండు."

వెనక పేపరు చదువుకుంటున్న నాన్న తలెత్తారు. "నిన్ను నడిపించిండా? ఎవలు? ఆ దినం ఫోటో తీసిన పెద్దమనిషా?"

ఆయనేనన్నాను. నాన్న పేపరు మడిచారు. మళ్ళీ మడిచారు. మడతల మీద మడతలు వేసి, చివరికి అన్నారు, "మరి అప్పుడు చెప్పకపోతివి చిట్టీ. పక్కన నిలవెట్టుకుందుము గద."

పాప వచ్చి కుర్చీ ఎక్కి, ఆ మూల మీద వేలు పెట్టి, ఇది ఎవరిదని జర్మన్‌లో అడిగింది. తాతది అన్నాను. మిగతా తాత ఏడని వెతికింది. ఫోటోలో మేం ఏడుగురమూ, మా నాన్నతో సహా, నవ్వుతూ ఆయన వైపే చూస్తున్నాం.